దూరయాత్రలో పెద్ద పక్షుల పొదుపు

వేసవి మధ్యాహ్నమున వాకిట నిలిచి తలయెత్తి చూచినచో, మన ఊళ్లలో అందరకును పరిచయమైన దృశ్యమొకటి కానవచ్చును. ఎండ నిప్పులు చెరుగుచుండును. కాకులు, పిచ్చుకలు చెట్ల నీడలు చేరియుండును. అట్టి వేళ ఒక గ్రద్ద మాత్రము రెక్కలు చాచి, వాటిని ఒక్కసారియైనను అల్లార్చక, వలయములు చుట్టుచు పైపైకి పోవుచుండును. మనము చూచుచుండగానే అది చుక్కవలె చిన్నదై పోవును. పిల్లలు దానిని చూచి, "దానికి అలసట కలుగదా?" అని అడుగుదురు. ప్రశ్న చిన్నదే. కాని దానికి సరియైన సమాధానము చెప్పబూనినచో, ఖండములు దాటిపోవు పెద్ద పక్షుల జీవనవిధానమంతయు చెప్పవలసివచ్చును. నేటి ప్రసంగములో ఆ విషయమును ముచ్చటించుకొందము.

ప్రయాణమనగానే మనకు మొదట స్ఫురించునది ఖర్చు. మన పెద్దలు దూరప్రయాణమునకు దారిబత్తెము కట్టుకొని బయలుదేరెడివారు. పక్షికిని దారిబత్తెము అవసరమే. అది దానిని మూట కట్టుకొనదు; క్రొవ్వు రూపమున ఒంటిలోనే దాచుకొనును. వలసకు ముందు కొన్ని చిన్న పక్షులు ఎంతగా మేయుననగా, వాటి బరువు ఇంచుమించు రెండింతలగును. ఆ క్రొవ్వును కరగించుకొనుచు, రేయింబవళ్లు రెక్కలల్లార్చుచు అవి ఎడారులను, సముద్రములను దాటును.

అముర్ డేగ ఇందుకు మంచి ఉదాహరణము. దాని బరువు రెండువందల గ్రాములకు మించదు. తూర్పు ఆసియాలో పుట్టి పెరిగిన ఈ పక్షి శీతకాలమునకు ఆఫ్రికా ఖండపు దక్షిణభాగమును చేరును. నడుమ నాగాలాండులో కొన్నాళ్లు ఆగి, పురుగులను మేసి ఒళ్లు చేసికొనును. 2013 నవంబరులో అచ్చట కొన్ని డేగల వీపులకు చిన్న ఉపగ్రహ యంత్రములను అమర్చి విడిచిరి. అవి భారతదేశము మీదుగా సాగి, వీపున తట్టు గాలిని ఆసరాగా గొని, మూడువేల కిలోమీటర్లకు పైబడిన అరేబియా సముద్రమును ఎచ్చటను వ్రాలకుండ దాటినవి. చిన్నపక్షి చేయు సాహసము ఇట్టిది.

పెద్ద పక్షికి ఈ మార్గము సులభము కాదు. ఎందువలన? దీనికి చిన్న లెక్క కలదు. ఒక పక్షిని పొడవునను, వెడల్పునను, మందమునను రెండింతలు చేసితిమనుకొందము. దాని రెక్కల వైశాల్యము నాలుగింతలగును. కాని బరువు ఎనిమిదింతలగును. అనగా రెక్కలోని ప్రతి జానెడు చోటును పూర్వముకంటె రెండింతల భారమును మోయవలెను. ఆ భారముతో పడిపోకుండ నిలుచుటకు పక్షి మరింత వేగముగా ఎగురవలెను. అందుకు కావలసిన శక్తి బరువుకంటెను త్వరగా పెరుగును. కండరముల సత్తువ మాత్రము ఆ నిష్పత్తిలో పెరుగదు. కావున పక్షి పెద్దదైన కొలది, దానికి గల శక్తికిని కావలసిన శక్తికిని నడుమనుండు మిగులు తగ్గిపోవుచుండును. రాబడి ఖర్చులకు సరిపోయి, కొసరు మిగులని సంసారి స్థితి దానిది. అట్టిదానిపై క్రొవ్వు మూటను కూడ మోపినచో అది నేలవిడిచి లేచుటయే కష్టము. హంసలవంటి కొన్ని భారీ పక్షులు రెక్కలల్లార్చియే దూరదేశములు పోవుట నిజమే. కాని వాటికి అది మిక్కిలి ప్రయాసతో కూడిన పని.

ఈ ప్రయాస యెంతటిదో శాస్త్రజ్ఞులు కొలిచి చూచినారు. సముద్రతీరములందుండు గల్ జాతి పక్షులను గాలిసొరంగములో ఎగురనిచ్చి, అవి పీల్చుకొను ప్రాణవాయువును లెక్కించిరి. ఊరక కూర్చున్నప్పటికంటె రెక్కలల్లార్చి ఎగురునప్పుడు ఖర్చు ఇంచుమించు ఏడింతలు. రెక్కలు చాచి గాలిలో జారునప్పుడు రెండింతలు మాత్రమే. ఈ రెండింటి నడుమనున్న తేడాయే పెద్ద పక్షులకు బ్రదుకుదెరువు.

ఆ తేడాను పూర్తిగా వాడుకొను పక్షి దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో కలదు. కాండోర్ అను ఆ రాబందు రెక్కలు చాచిన వెడల్పు మూడు మీటర్లు. బరువు పదిహేను కిలోలవరకు ఉండును. కొన్ని పడుచు కాండోర్లకు శరీరపు ప్రతి కదలికను వ్రాసిపెట్టు పరికరములను అమర్చి, రెండువందల గంటలకు పైబడిన వాటి యానమును పరిశోధకులు పరిశీలించిరి. 2020లో వెలువడిన ఆ ఫలితములు ఆశ్చర్యకరములు. ఎగురు కాలములో నూటికి ఒక్క వంతు మాత్రమే అవి రెక్కలల్లార్చినవి. అందులోను హెచ్చుభాగము నేలనుండి లేచునప్పటిది. ఒక పక్షి ఐదు గంటలకు పైగా, 172 కిలోమీటర్ల దూరము, ఒక్కసారియైనను రెక్క అల్లార్చకుండ పయనించినది. కాండోరు వలసపక్షి కాదు. కాని పెద్ద శరీరముగల పక్షికి రెక్కల ఒక్కొక్క ఊపు ఎంత ఖరీదైనదో అది మనకు తెలుపుచున్నది.

రెక్కలాడించకుండ పైకి పోవుట యెట్లు? ఎండ నేలను కాచును. అన్ని తావులును ఒకే తీరున కాగవు. దున్నిన చేను, రాతిగుట్ట, ఎండిన బయలు త్వరగా కాగును. చెరువు, తడిపొలము, అడవి ఆలస్యముగా కాగును. మిక్కిలిగా కాగిన చోట గాలి తేలికయై, స్తంభమువలె పైకి లేచును. పక్షి ఈ వేడిగాలి స్తంభములో ప్రవేశించి, దానినుండి జారిపోకుండ వలయములు చుట్టును. నిజమునకు అది ఆ గాలిలో క్షణక్షణము క్రిందికి జారుచునే యుండును. కాని గాలి పైకి లేచు వేగము పక్షి జారు వేగముకంటె హెచ్చు. కావున మొత్తముమీద పక్షి పైకి పోవును. ఎదురుగా దిగు మెట్లపై మెల్లగా దిగుచున్నను, మెట్లే వడిగా పైకి పోవుచున్నచో మనుష్యుడు పైయంతస్తునకు చేరినట్లే యిది.

ఒక లెక్క వేసి చూతము. గాలి సెకనుకు మూడు మీటర్లు పైకి లేచుచున్నదనుకొందము. పక్షి అందులో సెకనుకు ఒక మీటరు జారుచున్నదనుకొందము. అప్పుడది సెకనుకు రెండు మీటర్ల చొప్పున లేచి, వేయి మీటర్ల ఎత్తునకు ఎనిమిదిన్నర నిమిషములలోపల చేరును. అచ్చటినుండి వలయము విడిచి, పోవలసిన దిక్కునకు రెక్కలు చాచి జారును. ఒక మీటరు క్రిందికి దిగునప్పటికి పదునైదు మీటర్లు ముందునకు పోగల పక్షికి, వేయి మీటర్ల ఎత్తు పదునైదు కిలోమీటర్ల ప్రయాణమునకు చాలును. సెకనుకు పదునైదు మీటర్ల వేగమున అందుకు పదునేడు నిమిషములు పట్టును. ఇంతలో మరియొక వేడిగాలి స్తంభము దొరకవలెను. దొరకినచో మరల ఎక్కుట, మరల జారుట. మొత్తము ఇరువదియైదు నిమిషములకు పదునైదు కిలోమీటర్లు. దినమునకు ఎనిమిది గంటలు ఇట్లు సాగినచో ఇంచుమించు 290 కిలోమీటర్లు. ఈ లెక్క ఊహమాత్రము కాదు. వలసపోవు పెద్దకొంగలు అనుకూలమైన దినములలో వాస్తవముగా సాధించు దూరము దీనికి దగ్గరగానే యున్నది.

ఈ విద్యను పక్షుల సరసనే ఎగిరి పరిశీలించిన శాస్త్రజ్ఞుడు కాలిన్ పెన్నిక్విక్. తూర్పు ఆఫ్రికాలో యంత్రము కూర్చిన గ్లైడరు నెక్కి, రాబందులు, కొంగలు, గూడబాతులు చుట్టు వలయములలోనే తానును చుట్టుచు, వాటి వేగమును, జారుడును కొలిచి 1972లో ప్రకటించినారు. ఇట్టి పక్షుల రెక్కలు వెడల్పుగా నుండుటకు కారణమును ఆ కొలతలనుండి గ్రహింపవచ్చును. వేడిగాలి స్తంభము సన్నగా నుండును. దానినుండి వెలికి పోకుండవలెనన్న చిన్న వలయమును చుట్టగలుగవలెను. వెడల్పైన రెక్కలు అందుకు అనుకూలములు. ఆ రెక్కల కొనలందు ఈకలు చేతివ్రేళ్లవలె విడివిడిగా విచ్చుకొనియుండును. ఆ సందులు రెక్కకొన వెనుక రేగు సుడిగాలిని తగ్గించి, పక్షిని వెనుకకు లాగు బలమును తగ్గించును.

ఇంతవరకు చూచినచో పెద్ద పక్షి ప్రయాణము ఉచితమనిపించును. అట్లు కాదు. కండరములతో చెల్లింపని సుంకమును అది వేరొక రీతిగా చెల్లించుచున్నది. సూర్యుడు నేలను కాచినంతవరకే దాని ప్రయాణము. ఉదయము గాలి వేడెక్కువరకు వేచియుండవలెను, సాయంకాలము దిగిపోవలెను, మబ్బు పట్టిన దినమున, వాన దినమున ఆగిపోవలెను. అన్నిటికంటె పెద్ద సుంకము దారి. మధ్యధరావంటి సముద్రముపై పగటియెండకు అట్టి బలమైన స్తంభములు లేవవు. అందుచేత సూటిదారి సముద్రముపై నున్నచో, పక్షి ఆ దారిని విడిచి చుట్టుదారిని పట్టవలెను.

ఐరోపావారు స్టార్కు అని పిలుచు తెల్లని పెద్దకొంగ యాత్ర ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనము. ఇండ్ల కప్పులమీదను, పొగగొట్టములమీదను గూళ్లు కట్టు ఈ పక్షిని అచ్చటివారు శుభసూచకముగా భావింతురు. ఆసియాలోని ఈ జాతి పక్షులు కొన్ని శీతకాలమున మన దేశమునకును వచ్చుట కలదు. ఐరోపా స్టార్కులు శీతకాలమునకు ఆఫ్రికా పోవలెను. మధ్యధరా సముద్రమును సూటిగా దాటినచో దూరము ఎంతో తగ్గును. కాని అవి ఆ పని చేయవు. పశ్చిమమున నుండునవి స్పెయిను మీదుగా పోయి, పదునాలుగు కిలోమీటర్ల జిబ్రాల్టరు జలసంధికడ ఆఫ్రికాలో కాలిడును. తూర్పున నుండునవి బాస్ఫరస్ జలసంధిని దాటి, తుర్కీ, సిరియా, ఇజ్రాయేలు, సీనాయి మీదుగా నైలునది లోయను చేరును. వాటిలో దక్షిణాఫ్రికావరకు పోవునవి ఒక్కొక్క దిక్కునకు పదివేల కిలోమీటర్లవరకు ప్రయాణించును. నేలను విడువకుండుటకై అవి చుట్టుదారి దూరమును సంతోషముగా భరించుచున్నవి. ఎందుకనగా నేలపై వంద కిలోమీటర్లు జారుటకంటె నీటిపై కొద్ది దూరము రెక్కలల్లార్చుట వాటికి ప్రియమైన బేరము.

పొదుపునకు మరియొక మార్గము తోడు. కొంగలు, గూడబాతులు గుంపుగా పోవుటలో ఉపయోగము కలదు. వేడిగాలి కంటికి కనబడదు. కాని ముందు పోవు పక్షి వలయము చుట్టుచు లేచుచున్నచో, అచ్చట గాలి లేచుచున్నదని వెనుకవానికి తెలియును. గుంపంతయు విశాలముగా పరచుకొని గాలిని వెదకుచు పోవును. ఒకదానికి దొరకిన లాభము అన్నిటిదియు నగును. వేడిగాలి లేనిచోట గూడబాతులు బారుతీరి, ఒకదాని రెక్కకొన వెనుక లేచు గాలిని వేరొకటి ఆసరా గొనుచు ఎగురును. సెనెగలు దేశములో తెల్ల గూడబాతుల గుండె కొట్టుకొను తీరును లెక్కించి 2001లో ప్రకటించిన పరిశోధనలో, ఒంటరిగా ఎగురునప్పటికంటె బారులో ఎగురునప్పుడు నూటికి 11 మొదలు 14 వంతుల వరకు తక్కువగా కొట్టుకొనుచున్నట్లు తేలినది. మన నేలపట్టులోను, కొల్లేటి తీరమున ఆటపాకలోను గూళ్లు కట్టు గూడబాతులు ఖండములు దాటు యాత్రికులు కావు. కాని అవియు ప్రొద్దెక్కిన పిమ్మట వలయములు చుట్టుచు లేచి, బారులుతీరి మేతకు పోవుచుండును. కొల్లేటికి పోయినవారు ఈ విద్యను కన్నులార చూడవచ్చును.

ఇక ఈ కథలో మన మనస్సును కదిలించు ఘట్టము పిల్లలది. వేసవిలో గూటినుండి వెలువడిన స్టార్కు పిల్ల కొద్దివారములలోనే ఈ మహాయాత్రకు బయలుదేరవలెను. రెక్కలు పుట్టుకతో వచ్చినవి. గాలిని కనిపెట్టు నేర్పు మాత్రము అనుభవముతో రావలెను. జర్మనీ దేశమున రాడోల్ఫ్‌జెల్ నగరమునందలి మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2014లో గూళ్లలోనున్న పిల్లలకు తేలికైన యంత్రములను అమర్చిరి. వాటిలో ఇరువదియేడు పిల్లలు ఒకే గుంపున బయలుదేరినవి. ప్రతి పక్షి ఎచ్చట నున్నదో, ఎన్నిమార్లు రెక్కలల్లార్చినదో సెకనుల లెక్కన ఆ యంత్రములు తెలిపినవి.

ఆ గుంపులో కొన్ని నాయకులు, కొన్ని అనుచరులు. నాయకులు గాలి లేచు తావును తామే వెదకి, వలయములను సవరించుకొనుచు, మంచిగాలి నడుమకు చేరుచుండినవి. అనుచరులు వాటిని చూచి వచ్చి చేరినవి. కాని అనుచరులు ఆలస్యముగా వచ్చి, ముందుగా వెడలిపోవలసి వచ్చుటచే అంత ఎత్తునకు లేవలేకపోయినవి. జారునప్పుడు తోటివానితో కలియుటకు రెక్కలల్లార్చవలసి వచ్చినది. ఈ చిన్న తేడా పర్యవసానము చూడుడు. తక్కువగా రెక్కలల్లార్చినవి పశ్చిమ ఆఫ్రికావరకు వేలకొలది కిలోమీటర్లు పోయినవి. హెచ్చుగా అల్లార్చినవి దక్షిణ ఐరోపాలోనే, ముఖ్యముగా స్పెయినులో, ఆగిపోయినవి. బయలుదేరిన తొలిదినములలో కొద్ది నిమిషముల యానమును చూచి, ఆ పిల్ల ఎంతదూరము పోగలదో ముందుగా చెప్పవచ్చునని పరిశోధకులు 2018లో తెలిపినారు.

పెద్దవానితో పోల్చినప్పుడు పిల్లల కష్టము మరింత స్పష్టమగును. తూర్పుదారిన పోవు స్టార్కులను పరిశీలించి 2016లో ప్రకటించిన వేరొక పరిశోధనములో, తొలియాత్ర చేయు పిల్లలు పెద్దవానికంటె హెచ్చుగా రెక్కలల్లార్చి, హెచ్చు శక్తిని వెచ్చించుచున్నట్లును, వాటిలో చనిపోవునవియు హెచ్చుగా నున్నట్లును తేలినది. అయినను దారి సాగిన కొలది ఆ తేడా తగ్గుచు వచ్చినది. అనగా దారియే వాటికి పాఠశాల. 2024లో వెలువడిన మరియొక పరిశీలన ఇంకను ముందునకు పోయి, పడుచు పక్షులు మొదట క్రొత్త తావులను వెదకుచు తిరుగుననియు, ఏండ్లు గడచిన కొలది ఆ తిరుగుడు మాని, సూటియైన దారులను ఏర్పరచుకొని త్వరగా చేరుననియు తెలిపినది. బ్రదికియున్నవానికే ఆ అనుభవము దక్కును.

ఖర్చు తగ్గించుకొనుటకు స్టార్కులు ఇటీవలి కాలమున మరియొక ఉపాయమును పన్నినవి. యాత్రనే కుదించుకొనుట. ఎనిమిది ప్రదేశములనుండి బయలుదేరిన పిల్లల జీవితములను పోల్చి చూడగా, జనసంఖ్య హెచ్చుగా గల తావులలో శీతకాలము గడపినవాని ఖర్చు తక్కువగా నున్నది. స్పెయినులోను, మొరాకోలోను నగరముల వెలుపలనున్న చెత్తదిబ్బలపై ఏడాది పొడవునను మేత దొరకుచుండగా, కొన్ని సహారా ఎడారిని దాటుట మానుకొన్నవి. ఉజ్బెకిస్తానులోని పిల్లలు వలసనే మానుకొన్నవి. ఈ పరిశీలన 2016లో వెలువడినది. మనము పారవేసిన చెత్త ఒక పక్షిజాతి ప్రాచీనయాత్రను కుదించివేయుచున్నదన్నమాట. దీనివలన పక్షికి పొదుపు కలుగుచున్న మాట నిజము. కాని ఆ దిబ్బలపై మంచి మేతతో పాటు విషమును, ప్లాస్టిక్కును కూడ కలదు. పైగా ఈ కొంగలు ఆఫ్రికాలో మిడుతలను మేయునవి. అవి పోవుట మానినచో అచ్చటి పొలములకు ఆ సాయము తగ్గును.

మనము గమనింపవలసిన విషయ మింకొకటి కలదు. నేలను విడువజాలని పక్షులన్నియు కొద్దిపాటి ద్వారములవద్దనే గుమిగూడవలసి యున్నవి. బాస్ఫరస్, జిబ్రాల్టరు, సూయజు ప్రాంతము ఇట్టి ద్వారములు. సముద్రమునకును కొండలకును నడుమ ఇరుకైన మెక్సికోదేశపు వెరాక్రూజ్ రాష్ట్రము మీదుగా శరత్కాలమున లక్షలకొలది గ్రద్దలు, డేగలు ప్రవాహమువలె సాగిపోవును. విశాలమైన ఆకాశములో ఎచ్చటనైనను ఎగురవచ్చు చిన్నపక్షికి ఒక తావున ఆటంకము కలిగినచో వేరొక తావు కలదు. ఈ పెద్ద పక్షులకు అట్లు లేదు. ఆ ద్వారముల దగ్గర హెచ్చు శక్తిగల విద్యుత్తు తీగలను కట్టినను, గాలిమరలను నిలిపినను, తుపాకులతో వేటగాండ్రు పొంచినను, నష్టము ఒక గ్రామపు పక్షులకు గాక అర్ధఖండపు పక్షులకు కలుగును. ఐరోపాలో స్టార్కుల మరణములకు విద్యుత్తు తీగలు పెద్ద కారణములలో ఒకటి. పెద్ద పక్షి ఏటికి పెట్టు గ్రుడ్లు కొద్ది. వాటిలో తొలియాత్ర దాటి బ్రదుకునవి మరింత కొద్ది. అందుచే ఒక్కొక్క అనుభవశాలియైన పక్షి నష్టము త్వరగా పూడునది కాదు.

అట్లని నిరాశ పడనక్కరలేదు. పక్షులు వేడిగాలిపై ఆధారపడుటచే వాటి రాకపోకల వేళలు ఇంచుమించు నిర్ణయింపవచ్చును. ఏ మాసమున, ఏ దారిన, దినములో ఏ గంటలలో, ఏ ఎత్తున గుంపులు పోవునో తెలిసినచో, ఆ వేళ గాలిమరలను కొంతసేపు నిలుపవచ్చును. విమానములను తప్పించి నడుపవచ్చును. తీగలకు తొడుగులు తొడుగవచ్చును. ఇట్టి ఏర్పాట్లు కొన్ని దేశములలో జరుగుచున్నవి. పక్షి పొదుపును ఎరిగినవారే ఆ పక్షికి ఎచ్చట అపాయమో ఎరుగగలరు.

తిరిగి మన వాకిటికి వత్తము. "గ్రద్దకు అలసట కలుగదా?" అని పిల్లవాడడిగిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. బాబూ, అది రెక్కలల్లార్చిన అలసట కలుగును. అందుకే అది అల్లార్చుట లేదు. నీవు నిలిచిన ఈ నేలను ఎండ కాచుచున్నది. ఆ వేడి దానిని పైకెత్తుచున్నది. ఆ గాలి ఎచ్చట లేచుచున్నదో తెలిసికొనుటకు దానికి కొన్ని మాసములు పట్టినది, ఆ నడుమ అది పెక్కుమారులు రెక్కలల్లార్చి అలసియే యుండును. ఆ వలయమును చూచునప్పుడు, సరిగా ఆ విధముగనే నైలునది లోయపైన, ఇంకను నేర్పు చాలని ఒక కొంగపిల్ల, తనకంటె ముందు లేచుచున్న పక్షిని చూచుచు, చిన్నచిన్న వలయములు చుట్టుచుండునని తలచుకొనుము.